మాట వినపడని మహాభాగ్యం

సినిమాలో మాటలు వినపడటం లేదని గోల పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

అసలు మాటలు వినడానికి సినిమాకు వెళ్ళేదెవరండీ? మాటలే కావాలంటే ఇంట్లో లేవా? ఆఫీసులో లేవా? పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు చెవిలో జోరీగలా మాట్లాడుతూనే ఉంటారు కదా! ఆ బాధ పడలేకే కదా టికెట్ కొనుక్కుని చీకట్లోకి పారిపోయాం? అక్కడ కూడా మాటలేనా?

మన ఈ కష్టం చూసి కరిగిపోయి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అవతరించింది. తెరమీద ఎవరైనా నోరు తెరిస్తే చాలు, నలభై డ్రమ్ములు ఒక్కసారి మీద పడి ఆ నోటి మాటను మన చెవుల దాకా రాకుండా అడ్డుకుంటాయి. ఇది ఉపకారమా, అపకారమా? మీరే చెప్పండి!

హీరోల సంగతే తీసుకోండి. పాతకాలంలో పాపం పేజీలకు పేజీలు బట్టీ పట్టేవారు. ఇప్పుడు కెమెరా ముందు నిలబడి, పళ్ళు బిగించి, ఒకటి నుంచి లెక్కపెడితే సరిపోతుంది. నూటపద్దెనిమిది దగ్గరికొచ్చేసరికి కళ్ళు ఎర్రబడితే షాట్ ఓకే!

సెన్సారు వాళ్ళు కత్తెర పట్టుకుని మూడు గంటలు కూర్చున్నా కత్తిరించడానికి ఒక్క ముక్క వినపడదు. వెనక సీట్లో కూర్చుని కథంతా ముందే చెప్పేసే మహానుభావుడు నోరు నొప్పి పుట్టి మానేశాడు. పోట్లాడుకుంటూ లోపలికొచ్చిన మొగుడూ పెళ్ళాలు ఒకరన్నది ఒకరికి వినపడక, ఇంటర్వెల్‌కల్లా రాజీపడిపోయి, ఒకే పాప్‌కార్న్ డబ్బాలో చేతులు పెడుతున్నారు. ఏ పెద్దమనిషి తీర్చగలడు ఇలాంటి తగువు?

మా వీధి థియేటర్ పక్కనే ఉన్న చెవి డాక్టరుగారైతే ప్రతి శుక్రవారం మొదటి ఆట వదిలే వేళకు తలుపు బార్లా తెరిచి, తానే గుమ్మంలో నిలబడతాడు. ఆయన కళ్ళలో ఆ వెలుగు చూసి తీరాలి.

ఇంత చెప్పినా నమ్మని మొండిఘటాలు ఉంటారని నాకు తెలుసు. వాళ్ళ కోసం పిడుగు మాస్టారి చరిత్రా, ఆయన బావమరిది అనుభవమూ మనవి చేసుకుంటాను. మాస్టారు సినిమాలకు సంగీతం కడతాడు. బావమరిది అవే సినిమాలకు మాటలు రాస్తాడు. అంటే ఎవరికీ వినపడని మాటలు రాస్తాడన్నమాట. ఇంతకన్నా పూచీ లేని ఉద్యోగం భూమ్మీద ఇంకోటి ఉందా?

మాస్టారు పుట్టుకతోనే పిడుగేమీ కాదు. మొదటి సినిమాకు ఆయన ఒక వేణువూ, రెండు వయొలిన్లూ, మధ్యలో బోలెడంత నిశ్శబ్దమూ పెట్టి, తల్లి చంటిబిడ్డను జోకొట్టినంత మెత్తగా సంగీతం చేశాడు. ఫలితం ఏమైంది? మొదటి ఆటకు వచ్చినవాళ్ళు మూడో ఆటకు నిద్రలేచారు.

రెండో సినిమా దగ్గర ఆయన దశ తిరిగింది. ఆ తిరగడం కూడా ఒక పొరపాటు వల్లే తిరిగింది.

ఈ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. షూటింగ్ అయిపోయాక నటుల నోళ్ళలో మాటలు తర్వాతెప్పుడో డబ్బింగ్ చేసి పోస్తారు. రిలీజ్ డేట్ మాత్రం ముందే వేసేస్తారు. అందుకని అక్కడ డబ్బింగ్ జరుగుతూ ఉండగానే, ఇక్కడ సంగీతం వాళ్ళ దగ్గరికి మూగ రీళ్ళు వచ్చేస్తాయి. బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. పెదాలు చూసి భావం పట్టుకోవాలి.

అలా వచ్చిన ఒక రీలులో తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళ వెంట ధారలు! వణికే చేత్తో పైకి చూపించి ఏదో అంటోంది. కొడుకు గిర్రున తిరిగాడు, పిడికిలి బిగించాడు, మెట్లు మూడేసి చొప్పున ఎక్కుతూ డాబామీదికి పరిగెత్తాడు.

మాస్టారి ఒళ్ళు జలదరించింది. తండ్రిని చంపినవాడు డాబామీదే దాక్కున్నాడు! తల్లి ఆ నిజం ఇన్నేళ్ళకు బయటపెట్టింది! ఆయన చేతికందిన డ్రమ్ములన్నీ దింపేశాడు. ఏ భాషకూ చెందని భాషలో ముప్పైమంది చేత "హో... ఝో..." అని అరిపించాడు. కొడుకు ఎక్కే ప్రతి మెట్టుకూ ఒక పిడుగు పడేశాడు.

తీరా చూస్తే ఆ తల్లి ఉల్లిపాయలు కోస్తోంది. "ట్యాంకు నిండి పొంగిపోతోంది, మోటరు కట్టెయ్యి నాన్నా" అంటోంది.

డైరెక్టరు గుండె పట్టుకుని కూర్చున్నాడు. మార్చడానికి టైము లేదు. ఏమైతే అదవుతుందని వదిలేశారు. శుక్రవారం వచ్చింది. ఆ సీను రాగానే హాలు హాలంతా లేచి నిలబడింది! కాగితాలు ఎగిరాయి, చొక్కాలు ఎగిరాయి. డాబామీద కొడుకు మోటరు స్విచ్ కట్టేసినప్పుడైతే ఒకాయన ఆనందం పట్టలేక ముందు సీటు విరగ్గొట్టాడు. మాటలు వినపడి ఉంటే జరిగేదా ఇది?

ఆ రోజు నుంచి ఆయన పిడుగు మాస్టారు అయ్యాడు. అంతేకాదు, డబ్బింగ్ పూర్తయిన రీలు ఇచ్చినా సరే, వాల్యూమ్ సున్నాకు తిప్పేసి గానీ పని మొదలుపెట్టడు. "మాటలు వింటే మూడ్ పాడవుతుంది" అంటాడు.

ఆయన శైలి గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క ట్యూను. గబగబా వాయిస్తే డాన్సు, నెమ్మదిగా వాయిస్తే విషాదం, పిల్లలచేత పాడిస్తే జోలపాట, మగవాళ్ళు గొంతు తగ్గించి మూలిగితే విలన్. పొదుపంటే అదీ! హీరో నల్లకళ్ళద్దాలు తీస్తే అరవై వయొలిన్లు. తిరిగి పెట్టుకుంటే ఇంకో అరవై. ఫ్రిజ్ తలుపు తీస్తే కోరస్. ఒక సినిమాలో హీరోకు నిజంగానే తుమ్ము వచ్చిందట. ఎడిటింగ్‌లో తీసేద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. ఆ తుమ్ముకు ఆయన ఇచ్చిన సంగీతం ఇప్పటికీ కాలేజీ కుర్రాళ్ళ ఫోన్లలో రింగ్‌టోన్‌గా మోగుతోంది.

సన్మానాలకైతే లెక్కే లేదు. ఒక సభలో ముఖ్య అతిథి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పదేళ్ళుగా చెవులు వినపడని మా మామగారు మీ ఇంటర్వెల్ సీనుకు ఉలిక్కిపడి, 'ఎవరదీ' అన్నారండీ" అని వేదికమీదే మాస్టారి చేతులు కళ్ళకద్దుకున్నాడు.

ఇక బావమరిది. మాస్టారి భార్యకు సొంత తమ్ముడు. కొత్తలో పాపం అతనికీ రోషం ఉండేది. ఒక్కొక్క మాటా ఏరి, తూచి, రాత్రుళ్ళు దిద్ది దిద్ది రాసేవాడు. థియేటర్‌కు వెళ్ళి చూస్తే పెదాలు కదిలేవి, డ్రమ్ములు మోగేవి. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనా అని కుమిలిపోయాడు.

తర్వాత కుమలడం మానేసి సుఖపడటం మొదలుపెట్టాడు. వరసగా నాలుగు సినిమాలకు పేర్లు మాత్రం మార్చి ఒకే స్క్రిప్టు ఇచ్చాడు. ఎవరూ పట్టుకోలేదు. ఒకసారి గడువు దగ్గరపడి ఏమీ తోచక, ఇంట్లో వాషింగ్ మెషీన్‌తో వచ్చిన కాగితం విలన్ చేతికిచ్చేశాడు. ఆ నటుడు కళ్ళు ఉరిమి, వేలు చూపించి, "మూత గట్టిగా మూయవలెను! నీరు పూర్తిగా పోవు వరకు తెరవరాదు! తడి చేతులతో ముట్టుకొన్నచో ప్రాణాపాయము!" అని గర్జించాడు. మాస్టారు ఆ మూగ రీలు చూసి రెండు వందల డ్రమ్ములు వేశాడు. ఆ ఏడాది ఉత్తమ విలన్ అతనే.

ఇలాంటి బంగారంలాంటి బతుకులో కూడా అతనికి ఒకటే లోటు. వాళ్ళమ్మ.

ఆవిడ కొడుకు రాసిన పద్దెనిమిది సినిమాలకూ మొదటిరోజే వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చునేది. ఆట అయ్యాక కొడుకు ఆశగా చూసేవాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏం రాశావో గానీ, పెదాలు మాత్రం భలే కదిలాయిరా" అనేది. అంతకన్నా అనలేదు. అల్లుడి వాయింపు గురించి అత్తగారు నోరు జారితే కూతురి ముఖం ఎలా చూస్తుంది?

పెదాలతోనే సరిపెట్టుకుందామనుకుంటే, ఈసారి అతనికి మాట వినపడితీరాల్సిన అవసరం వచ్చిపడింది. ఆ సంగతి చెప్పాలంటే వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాలి.

వాళ్ళమ్మ ఒకప్పుడు పాడేది. వేదికలమీద కాదు, వంటింట్లో. గిన్నెలు తోముతూ, చపాతీలు ఒత్తుతూ, గొంతెత్తి పాడేది. ముందుగదిలో ఆయన రేడియో పెట్టుకుని, "ఆపవోయ్ ఆ గోల, వార్తలు వినపడటం లేదు" అనేవాడు. రోజూ అనేవాడు. ఒకరోజు ఆవిడ నిజంగానే ఆపేసింది. ఎప్పుడు ఆపిందో ఇంట్లో ఎవరూ గమనించను కూడా లేదు.

మూడేళ్ళ కిందట ఆయన ఆసుపత్రి మంచమ్మీద ఉన్నాడు. మందుల కోసం ఆవిడ కిందికి వెళ్ళింది. ఆయన కొడుకు మణికట్టు పట్టుకుని అన్నాడు: "మీ అమ్మ పాట బాగుంటుందిరా. ఒక్కనాడూ ఆ మాట అనలేదు నేను. నువ్వు చెప్పు."

ఆవిడ మందులతో పైకి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

ఎంత మాట చెప్పాలి? నాలుగు ముక్కలు! వంద పాత్రలకు మాటలు రాసిన మొనగాడికి ఇదొక లెక్కా? కానీ ఆ రోజు చెబితే ఆవిడ తట్టుకోలేదనిపించింది. నెల తర్వాత చెబుదామంటే అప్పుడే కాస్త కోలుకుంటోంది, మళ్ళీ రేపడమెందుకనిపించింది. ఏడాది గడిచాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఎన్నిసార్లో వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చాడు. ఆవిడ మాత్రం, "ఈ మధ్య నీకు దాహం ఎక్కువైందిరా, షుగర్ టెస్టు చేయించుకో" అంది.

అప్పుడు దొరికింది పంతొమ్మిదో సినిమా. అందులో ఒక తండ్రి మంచమ్మీద చనిపోతాడు. బావమరిది బుర్ర మెరిసింది. వాళ్ళ నాన్న మాటలను అక్షరం మార్చకుండా ఆ తండ్రి నోట్లో పెట్టేశాడు. అమ్మ చీకట్లో వింటుంది, అర్థం చేసుకుంటుంది, చీకట్లోనే కళ్ళు తుడుచుకుంటుంది. లైట్లు వేశాక ఇద్దరూ ఏమీ జరగనట్టు ఆటో ఎక్కి ఇంటికొచ్చేస్తారు. పామూ చావాలి, కర్రా విరగకూడదు!

అన్నీ కుదిరాయి. బావ డ్రమ్ములొక్కటే అడ్డు.

మాస్టారి స్టూడియో మీరు చూడలేదు కదూ? గోడలకు గుడ్ల అట్టల్లాంటి నల్ల స్పాంజి. ఎముకలు కొరికే ఏసీ. గదికి అడ్డంగా కీబోర్డులు, వాటిమీద మీట లేని చోటంటూ ఉండదు. మధ్యలో చక్రాల కుర్చీలో మాస్టారు, చెవులకు హెడ్‌ఫోన్లు. పక్కగదిలో భోజనం పెట్టి ఆయన భార్య ఫోనుకు మెసేజ్ పంపుతుంది. పాతికేళ్ళ కాపురంలో పిలిచే అలవాటే పోయింది.

"బావా, పది సెకండ్లు ఖాళీ వదలాలి" అన్నాడు బావమరిది.

మాస్టారు హెడ్‌ఫోన్లు తీశాడు. "ఖాళీ అంటే? వయొలిన్లు ఒక్కటే పెట్టమంటావా?"

"ఏమీ వద్దు."

"వేణువు?"

"అదీ వద్దు బావా. మాట ఒక్కటే వినపడాలి. అమ్మ కోసం."

అని మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి, మందులు, మణికట్టు... మాస్టారి కళ్ళు చెమర్చాయి. మనిషి వెన్న, ఆ మాట ఒప్పుకోవాలి. చెమర్చిన మరుక్షణం ఆయన ఎడమచెయ్యి తనంతట తానే కీబోర్డుమీదికి పాకి, మెల్లగా విషాదం వాయించడం మొదలుపెట్టింది. మణికట్టు మాట దగ్గర చెల్లో వాయిద్యం చేరింది. "నువ్వు చెప్పు" దగ్గరికొచ్చేసరికి కోరస్ లేచింది. బావమరిది చెబుతూనే ఉన్నాడు, అతని మాట అతనికే వినపడలేదు.

"బావా, చెయ్యి తియ్యి!" అని అరిచాడు.

మాస్టారు ఉలిక్కిపడి చెయ్యి చూసుకున్నాడు. నిజంగా సిగ్గుపడ్డాడు. సరిగ్గా అప్పుడే లోపలికొచ్చిన భార్య తలుపు దగ్గర సగం విని, కళ్ళు ఒత్తుకుని, మెసేజ్ పంపకుండా నోటితోనే చెప్పింది: "చూడండీ, ఆ పది సెకండ్లలో చిటికె చప్పుడు వినపడిందంటే ఇక ఇంటికి రాకండి."

మాస్టారు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడంతో అయిపోతే ఇంకేం!

ఆ ఖాళీని చూసి కీబోర్డు ప్రోగ్రామర్ భయపడి, వినీ వినపడనట్టు కాస్త గాలి చప్పుడు పెట్టాడు. మాస్టారు తీయించాడు. మిక్సింగ్ ఇంజనీరు, ఫైలు చెడిపోయి సంగీతం ఎగిరిపోయిందనుకుని, పాపం రాత్రంతా కూర్చుని పాత సినిమాలోంచి డ్రమ్ములు తెచ్చి అతికించాడు. మాస్టారు అవీ పీకించాడు. "గుండె చప్పుడైనా పెడదాం సార్, ఒక్క లబ్, ఒక్క డబ్" అని డైరెక్టరు బతిమాలాడు. కుదరదన్నాడు. ప్రొడ్యూసరు స్వయంగా వచ్చాడు. "దూరంగా రైలు పోతున్నట్టు ఒక్క కూత వేయండి మాస్టారూ. ఆసుపత్రి పక్కన రైలు పట్టాలు ఉండకూడదా?" అన్నాడు.

మాస్టారు మిక్సింగ్ బల్లకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. "నా శవం మీంచి వెళ్ళి వేసుకోండి కూత!" అన్నాడు. పద్దెనిమిది సినిమాల్లో ఏ వాయిద్యం కోసమూ అంతలా పోట్లాడలేదాయన. ఏమీ లేకపోవడం కోసం పోట్లాడి గెలిచాడు. పక్కనే ఉన్న బావమరిదికి, బావ కాళ్ళమీద పడి దండం పెట్టాలన్నంత ప్రేమ వచ్చింది.

శుక్రవారం ఉదయం ఆట. హాలు కిటకిటలాడుతోంది. మధ్యలో అమ్మ, కుడిపక్క కొడుకు, ఎడమపక్క అల్లుడు. బడిలో టీచరైన కూతురు పరీక్షల డ్యూటీ పడి రాలేకపోయింది. ఇంటర్వెల్ దాకా మాస్టారు మాస్టారిలాగే వాయించాడు. కుర్చీల స్క్రూలు వదులయ్యాయి. అమ్మ ఎప్పట్లాగే పెదాలు చూస్తూ కూర్చుంది.

ఇంటర్వెల్ అయిన పావుగంటకు మంచం వచ్చింది. మంచమ్మీద తండ్రి. అంతవరకూ దంచుతున్న డ్రమ్ములు టక్కున ఆగిపోయాయి. తండ్రి కొడుకు మణికట్టు పట్టుకుని నోరు తెరిచాడు. బావమరిది ఊపిరి బిగబట్టాడు.

ఒక సెకండు. హాలంతా తలెత్తి చూసింది.

రెండో సెకండులో బాల్కనీ నుంచి ఒక గొంతు: "సౌండ్!"

ఆ తర్వాత లెక్కపెట్టడం ఎవరి తరం? ఈలలు, కేకలు, సీట్లు బాదడాలు! "సౌండ్ పోయింది!" "ఆపరేటర్ నిద్రపోయాడా?" "సౌండ్! సౌండ్!" ప్రొజెక్టర్ గదిలో ఆపరేటరు బెదిరిపోయి కనపడిన వైరునల్లా పట్టుకుని ఊపుతున్నాడు. మాస్టారు ఉండబట్టలేక సీటెక్కి నిలబడ్డాడు. "సౌండ్ పోలేదయ్యా! అది నిశ్శబ్దం! నేనే పెట్టాను! వినండి!" అని గొంతు చించుకున్నాడు. ఆ హాల్లో అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే.

తెరమీద తండ్రి చెప్పాల్సిందంతా చెప్పి కళ్ళు మూశాడు. మరుక్షణం డ్రమ్ములు దబదబ మీదపడ్డాయి. "హమ్మయ్య, వచ్చింది!" అని హాలంతా చప్పట్లు కొట్టి కూర్చుంది.

చూశారా జనం చైతన్యం! మన చెవుల్లో పది సెకండ్లు ఏమీ పడకపోతే ప్రాణాలకు తెగించి పోరాడుతున్నాం. ఏ హక్కు కోసమైనా ఇంత ఐకమత్యం చూశామా ఎప్పుడైనా?

అమ్మ కొడుకు వైపు వంగింది. "ఏమన్నాడురా ఆయన?"

బావమరిది ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "ఆఁ?" అంది. మళ్ళీ చెప్పాడు. "ఏంటీ?" అంది. మూడోసారి అరిచాడు. సరిగ్గా అప్పుడే తెరమీద హీరో కళ్ళద్దాలు తీశాడు, అరవై వయొలిన్లు లేచాయి. ఇక లాభం లేదని అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

లాబీలో ఎవరూ లేరు. పాప్‌కార్న్ మెషీన్ దగ్గర ఒకామె గాజు తుడుస్తోంది. తలుపు మూసుకోగానే చెవులు గుయ్యిమన్నాయి. దాక్కోవడానికి చీకటి లేదు, చప్పుడూ లేదు. మూడేళ్ళుగా దేనినుంచి తప్పించుకు తిరిగాడో అదే ఎదురుగా నిలబడింది.

"అదీ... ఆయన ఏమన్నాడంటే, 'మీ అమ్మ పాట బాగుంటుందిరా. ఒక్కనాడూ ఆ మాట అనలేదు నేను. నువ్వు చెప్పు' అన్నాడు."

"పాపం" అంది అమ్మ. "బాగా రాశావురా."

"నేను రాయలేదమ్మా" అన్నాడు. "సినిమాలో ఆయన కాదు. నాన్న. నాన్న అన్నారు."

ఆవిడ గోడ పక్కన ఉన్న బల్లమీద కూర్చుంది. కళ్ళజోడు తీసింది, చీర చెంగుతో తుడిచింది, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఎప్పుడు?"

"నువ్వు మందులకి కిందికి వెళ్ళినప్పుడు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. కళ్ళజోడు పెట్టుకుని కొడుకు వైపు చూసింది. ఆ చూపుకు అతను పదేళ్ళవాడైపోయాడు.

"మూడేళ్ళురా. మూడేళ్ళు కడుపులో దాచుకుని, ఇప్పుడు ఇంతమంది జనాన్ని పోగేసి, వేషాలు కట్టించి, చుట్టూ తిప్పి తిప్పి చెబుతావా? వంటింటి గుమ్మం దాకా రోజూ వస్తూనే ఉన్నావు కదరా. ఇంకొక్క అడుగు లోపలికి వేస్తే ఏం పోయేది?"

తల దించుకున్నాడు. ఆవిడ కాసేపు వాణ్ణలాగే నిలబెట్టి, చేత్తో జుట్టు సర్ది లేచింది. "పద. లోపల అల్లుడుగారు ఒక్కరే కూర్చున్నారు, బాగుండదు" అంది.

లోపలికి వెళ్ళేసరికి ఆఖరి ఫైటు మొదలైంది. మాస్టారు అందులో తన దగ్గరున్నవన్నీ వాడేశాడు. డ్రమ్ములు, కోరస్, పిడుగులు, ఎవరో ఇనుపరేకులమీద ఇనుపకమ్మీలతో బాదుతున్న చప్పుడు. పక్కవాడు కాలు తొక్కితే "అబ్బా" అన్నది మన నోరేనా అని మనకే అనుమానం వచ్చేంత చప్పుడు.

కాసేపటికి బావమరిది పక్కకు చూశాడు. అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఇంకా తనను తిడుతోందేమో అనుకున్నాడు. తర్వాత ఆవిడ వేళ్ళు చూశాడు. సీటు చెక్కమీద తాళం వేస్తున్నాయి. అది డ్రమ్ముల తాళం కాదు. నిదానంగా, వేరే ఏదో. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, మెడమీద నరాలు ఉబ్బి ఉన్నాయి.

అమ్మ పాడుతోంది! గొంతెత్తి, ఊపిరంతా పెట్టి పాడుతోంది!

ఇప్పుడైనా ఒప్పుకుంటారా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మహాభాగ్యమని? ఎనిమిది వందలమంది మధ్యలో కూర్చుని ఒక పెద్దావిడ నోరారా పాడుతుంటే, తిరిగి చూసినవాడున్నాడా? గోల ఆపమన్నవాడున్నాడా? వార్తలు వినపడటం లేదన్నవాడున్నాడా? ఆవిడకు అంతటి స్వేచ్ఛ ఇన్నేళ్ళలో ఎవరిచ్చారు?

బావమరిది వంగి, ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాడు. డ్రమ్ములు. ఇంకా దగ్గరికి జరిగాడు. ఆవిడ ఊపిరి చెంపకు వెచ్చగా తగిలింది. ఏ పాటో, ఎలా ఉందో, నాన్న చెప్పింది నిజమో కాదో, ఒక్క అక్షరం కూడా వినపడలేదు.

అతను ఆవిడ భుజం మీంచి బావ వైపు వంగాడు. రెండు చేతులూ నోటి దగ్గర దొన్నెలా పట్టి, ప్రాణమంతా పెట్టి అరిచాడు: "బావా! ఆపించు బావా! ఒక్క నిమిషం ఆపించు!"

మాస్టారు ఇటు తిరిగాడు. బావమరిది కళ్ళనీళ్ళు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. గుండెమీద చెయ్యి వేసుకుని వినయంగా తల వంచాడు. ఇంకా పది నిమిషాలుంది, అసలు వాయింపు ముందుందని పది వేళ్ళూ చూపించాడు.